నాచు జన్యువుతో చూపు వస్తుందంటున్నారు, ఎంతవరకు నిజం? ఆర్పీ ఉన్నవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి

కాజీపేట_శ్రీను
నమస్తే అందరికీ. మా తమ్ముడికి 36 ఏళ్లు, రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్పీ). హైస్కూల్లో ఉండగా రేచీకటితో మొదలైంది. ఇప్పుడు కుడి కంటికి లైటు వేశామా, ఆర్పామా అన్నది తప్ప ఏమీ తెలియదు. ఎడమ కంటికి నడిమధ్యలో కాస్త మిగిలింది, దానితోనే ఫోన్ చూస్తాడు. మా బావ ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. నాచులో ఉండే జన్యువును కంట్లోకి ఎక్కిస్తే చూపులేని మనిషికి చూపు వచ్చిందట. అప్పటి నుంచి అమ్మ ఒకటే పోరు, ధర్మసాగర్ దగ్గరి ఎకరం అమ్మి అయినా వాణ్ని తీసుకుపోవాలని. తమ్ముడేమో "మళ్లీ మొదలుపెట్టారా" అని లేచి వెళ్లిపోతాడు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్. ఇది నిజమా? నిజమైతే మావాడికి పనికొస్తుందా? ఎక్కడ చేస్తారు, ఎంత అవుతుంది?

ఓరుగల్లు_పోరడు
నాచే కావాలంటే భద్రకాళి చెరువులో కావలసినంత ఉంది అన్నా, ఎకరం ఎందుకు అమ్ముడు! జోక్ చేశాను, ఏమనుకోకు. దీన్ని ఆప్టోజెనెటిక్స్ అంటారు. వీడియోలో చెప్పింది 2021 మే నెలలో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన కేసు అయి ఉంటుంది. ఫ్రాన్స్‌లో జరిగింది. నేను చదివేది ఎలక్ట్రికల్, కంటి సంగతి మేడం చెబితే బాగుంటుంది.

బయాలజీ_మేడం
శ్రీను గారూ, వీడియోలోది అబద్ధం కాదు. కాకపోతే అసలు కథ అంత పొట్టిది కాదు.

కంటి వెనక ఉండే పొర రెటీనా. అందులో వెలుతురును పట్టే కణాలు రాడ్లు, కోన్లు. రాడ్లు సుమారు 12 కోట్లు, కోన్లు 60 లక్షల దాకా ఉంటాయి. ఇవి పట్టిన సమాచారం మధ్యలో బైపోలార్ కణాల గుండా గాంగ్లియన్ కణాలకు చేరుతుంది. గాంగ్లియన్ కణాలు ఒక్కో కంటికి పది లక్షలు, ఆ పైన. వాటి పోగులన్నీ కలిస్తేనే మెదడుకు పోయే కంటి నరం. ఆర్పీలో ముందు రాడ్లు చనిపోతాయి. అందుకే మొదట రాత్రి చూపు, తర్వాత పక్క చూపు పోతాయి. కోన్లు తర్వాత పోతాయి. లోపలి వరుసలోని గాంగ్లియన్ కణాలు మాత్రం చాలా ఏళ్లు బతికే ఉంటాయి. నరం ఉంది, మెదడు ఉంది, వెలుతురును పట్టేది లేదు.

ఇక నాచు. క్లామిడోమొనాస్ అని ఒకే కణం ఉండే పచ్చటి నాచు, నీటి గుంటల్లో, తడి నేలలో ఉంటుంది. దానికి మెదడు లేదు, కన్ను లేదు, అయినా వెలుతురు ఎటుంటే అటు ఈదుతుంది. కారణం దాని పొరలో ఉండే చానల్‌రోడాప్సిన్ అనే ప్రొటీన్. వెలుతురు తగలగానే అది తెరుచుకుని అయాన్లను లోపలికి పోనిస్తుంది. అంటే కణంలో చిన్న కరెంటు పుడుతుంది. జర్మనీలో హెగెమన్, నాగెల్, బాంబెర్గ్ 2002, 2003లలో దీన్ని బయటపెట్టారు. 2005లో అమెరికాలో డీసెరోత్, బోయ్‌డెన్ దీన్ని నాడీకణాల్లో పెట్టి, వెలుతురుతో వాటిని పని చేయించారు. ఆ మరుసటి ఏడాదే డెట్రాయిట్‌లో జువో హువా పాన్ బృందం చూపు పోయిన ఎలుకల రెటీనాలో పెట్టి చూసింది. వెలుతురు పడగానే ఆ కణాలు సంకేతం పంపాయి.

అంటే చనిపోయిన కణాలను బతికించడం కాదు ఇది. ఇన్నాళ్లూ వెలుతురుతో సంబంధం లేని కణానికి ఆ పని అప్పగించడం.

నర్సంపేట_కాక
మేడం, నాకు అర్థమైంది చెప్తా, తప్పైతే దిద్దండి. బోరులో నీళ్లున్నయి, పైపులు బాగున్నయి, మోటరు కాలింది. కొత్త మోటరు దింపుతున్నరు. అంతేనా?

జగిత్యాల_రెటీనా
కాకా, మా పీజీ క్లాసులో కూడా ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. కాకపోతే దింపేది పాత మోటరుతో పోలిస్తే చాలా చిన్నది, నీళ్లు సన్నగా వస్తాయి. పైపు, అంటే కంటి నరం చెడితే అది కూడా పనికిరాదు. అందుకే గ్లకోమాతో చూపు పోయినవాళ్లకు, నరం ఎండిపోయినవాళ్లకు ఈ చికిత్స కాదు. శుక్లాలు, కార్నియా మచ్చలు ఉన్నవాళ్లకు దీని అవసరమే లేదు, వాటికి వేరే ఆపరేషన్లున్నాయి.

నేను రెటీనా డాక్టర్ని, మాది జగిత్యాల, ఉండేది హైదరాబాద్. ఆసుపత్రి పేరు ఇక్కడ చెప్పను, ప్రచారంలా ఉంటుంది.

చీకటిరాయుడు
నాకూ ఆర్పీయే. కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం. ఆ 2021 పేపరును స్క్రీన్ రీడర్‌తో మొత్తం విన్నాను. శ్రీను అన్నా, మీ అమ్మగారికి వినిపించాల్సింది వీడియో కాదు, ఇది.

ఆ ఫ్రాన్స్ కేసులో రోగికి 58 ఏళ్లు. జబ్బు బయటపడి అప్పటికి 40 ఏళ్లు. వెలుతురు ఉందా లేదా అన్నది తప్ప ఇంకేమీ తెలియని స్థితి. రెండు కళ్లలో ఎక్కువ చెడిపోయిన దాంట్లోకి ఒకే ఒక్క ఇంజెక్షన్. ప్రొటీన్ తయారై నిలదొక్కుకోవడానికి నాలుగైదు నెలలు ఆగారు. తర్వాత ప్రత్యేకమైన గాగుల్స్ పెట్టి శిక్షణ మొదలుపెట్టారు. అది మొదలైన ఏడు నెలలకు గానీ తనకు ఏదో కనిపిస్తోందని ఆయన అనలేదు. ఈ ఏడు నెలలన్న ముక్క ఏ వీడియోలోనూ ఉండదు చూడండి.

ఇంతకీ ఏం కనిపించింది? తెల్లటి టేబుల్ మీద పెద్ద నోట్‌బుక్ పెడితే, గాగుల్స్ పెట్టుకుని నూటికి 92 సార్లు దాన్ని తాకగలిగాడు. చిన్న స్టేపుల్ పిన్నుల డబ్బా పెడితే 36 సార్లే. గ్లాసులు పెట్టి ఎన్ని ఉన్నాయో చెప్పమంటే 63 సార్లు సరిగ్గా చెప్పాడు. గాగుల్స్ తీసేస్తే ఏమీ లేదు. బయట నడుస్తుంటే రోడ్డు దాటే చోట తెల్ల చారలు కనిపించాయని చెప్పాడు. ముఖాలు గుర్తుపట్టలేదు, అక్షరాలు చదవలేదు, రంగులు లేవు.

ఇది తక్కువని నేను అనను. సుబేదారిలో రోడ్డు దాటడానికి ఎవరి చేయి దొరుకుతుందా అని నిలబడినవాడికి ఆ తెల్ల చారల విలువ తెలుసు. కానీ "చూపు వచ్చింది" అన్న మాట విని, పొద్దున లేచి కొడుకు తన ముఖం చూస్తాడని అమ్మ అనుకుంటుంది. ఆ రెండిటికీ మధ్య దూరం చాలా ఉంది.

కాజీపేట_శ్రీను
రాయుడన్నా, చాలా థ్యాంక్స్. అమ్మకు ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు గానీ చెప్పక తప్పదు. ఒక అనుమానం. కణాలకు వెలుతురు తెలుస్తున్నప్పుడు మళ్లీ గాగుల్స్ ఎందుకు?

జగిత్యాల_రెటీనా
మంచి ప్రశ్న. మామూలు రాడ్ కణం ఒక్క ఫోటాన్‌కు కూడా స్పందించగలదు. లోపల వరుసగా రసాయన చర్యలు జరిగి, అణువంత వెలుతురును పెద్ద సంకేతంగా పెంచుతాయి. నాచు ప్రొటీన్‌కు ఆ పెంచే ఏర్పాటు లేదు. వెలుతురు తగిలితే తలుపు తెరుస్తుంది, అంతే. అందుకే దానికి చాలా తీవ్రమైన వెలుతురు కావాలి. ఇంట్లో ట్యూబ్‌లైటు సరిపోదు.

మొదట దొరికిన ప్రొటీన్‌కు నీలి వెలుతురు కావాలి. అంత తీవ్రమైన నీలి కాంతిని రోజూ కంట్లోకి కొడితే రెటీనాకే ప్రమాదం. అందుకని ఆ ఫ్రాన్స్ కేసులో క్రిమ్సన్‌ఆర్ అనే వేరే రకం వాడారు. అది 595 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు నారింజ మధ్య ఉండే వెలుతురుకు కదులుతుంది. గాగుల్స్‌లోని కెమెరా ఎదుట ఉన్నదాన్ని పట్టి, ఆ రంగు వెలుతురుగా మార్చి రెటీనా మీద పడేస్తుంది. పారిస్, పిట్స్‌బర్గ్‌లలో పనిచేసే సాహెల్, బాసెల్‌లోని రోస్కా బృందాలు చేసిన పని ఇది. మందు పేరు జీఎస్030, కంపెనీ జెన్‌సైట్.

మరో సంగతి. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, కోవిడ్ వల్ల పారిస్ రాలేక వాళ్ల శిక్షణ ఆగిపోయింది. అందుకే ఆ పేపరు ఒక్క మనిషి గురించే.

ఓరుగల్లు_పోరడు
గాగుల్స్ అక్కర్లేనిది కూడా ఒకటి ఉంది కదా సార్? నానోస్కోప్ అని టెక్సాస్ కంపెనీ. పెట్టింది కూడా మనవాడే, సమరేంద్ర మొహంతి.

జగిత్యాల_రెటీనా
ఉంది. ఎంసీవో-010. వాళ్లు గాంగ్లియన్ కణాలను కాకుండా దానికి ముందున్న బైపోలార్ కణాలను ఎంచుకున్నారు. ప్రొటీన్‌ను కూడా మామూలు వెలుతురుకే స్పందించేలా మార్చారు. మనుషుల మీద తొలి దశ పరీక్ష మన దేశంలోనే, 11 మంది ఆర్పీ రోగుల మీద జరిగింది. తర్వాత అమెరికాలో 27 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2024 మార్చిలో ప్రకటించారు. మందు తీసుకున్నవాళ్లు ఏడాది తర్వాత, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకంటే చార్టు మీద మెరుగ్గా చదివారు.

నా అభిప్రాయం అడిగితే, గాగుల్స్ లేని దారే ముందుకు పోతుందనుకుంటున్నా. కానీ 27 మంది అంటే చిన్న సంఖ్య. ఏడాది ఫలితం చూసి పదేళ్ల మాట చెప్పలేం.

రెండిట్లోనూ ఇంజెక్షన్ ఒకటే తీరు. షుగర్ ఉన్నవాళ్లకు కంట్లో ఇచ్చే ఇంజెక్షన్లు తెలుసు కదా, అలాగే కంటి గుజ్జులోకి. రోగం తెప్పించని వైరస్ ఒకటి జన్యువును కణాల్లోకి మోస్తుంది. కంట్లో వాపు రావచ్చు, దానికి స్టెరాయిడ్లు ఇస్తారు.

నర్సంపేట_కాక
ఇదంతా సరే. మునగాకు, క్యారెట్, చేపనూనె తింటే రేచీకటి తగ్గుతదని మా నాయన చెప్పేది. వెనకట రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజుల్లో మోటరు పెట్టబోయి మా పాలోడు గట్టు మీంచి పడ్డడు. ఆకుకూరలు తిన్నంక బాగైండు.

జగిత్యాల_రెటీనా
బాగయ్యాడంటే ఆయనది విటమిన్ ఎ లోపం కాకా. ఆ రేచీకటి తగ్గుతుంది, ఆర్పీ రేచీకటి అలా తగ్గదు. అందుకే రేచీకటి అనగానే మందుల షాపుకు కాకుండా కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి. విటమిన్ ఎ మాత్రలు పెద్ద డోసులో సొంతంగా వేసుకోవద్దు. లివర్ దెబ్బతింటుంది, గర్భిణులకు మరీ ప్రమాదం. స్టార్‌గార్ట్ అనే మరో రెటీనా జబ్బు ఉంటే అవి కీడే చేస్తాయి. మునగాకు కూర తినండి, దానికి అడ్డు లేదు.

ఆశాకిరణం
అందరూ ఎందుకు అమెరికా, ఫ్రాన్స్ అంటారు? మన దగ్గరే స్టెమ్ సెల్స్‌తో ఆర్పీ పూర్తిగా నయం చేస్తున్నారు. నాలుగు సిట్టింగులు. గ్యారంటీ. వివరాలకు ఈ నంబరుకు [తొలగించాం]

నిర్వాహకుడు
ఫోన్ నంబర్లు, క్లినిక్ పేర్లు పెట్టవద్దని రూల్స్‌లోనే ఉంది. నంబరు తీసేశాను. పోస్టు ఉంచుతున్నా, కింద డాక్టర్ గారి జవాబు అందరూ చదవాలి కాబట్టి.

జగిత్యాల_రెటీనా
పోస్టు ఉంచినందుకు మంచిదైంది. ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్లు వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బుకు డబ్బు కట్టి, పొట్ట కొవ్వులోంచి తీసిన స్టెమ్ సెల్స్ రెండు కళ్లలోనూ ఎక్కించుకున్నారు. ముగ్గురికీ ఉన్న చూపు కూడా చాలావరకు పోయింది. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. మన దేశంలో కంటి జబ్బుకు స్టెమ్ సెల్ చికిత్స పరీక్షల పరిధి దాటి అమ్మడం ఐసీఎంఆర్ మార్గదర్శకాలకు విరుద్ధం. కార్నియా అంచు కణాల చికిత్స వేరు, అది స్థిరపడినది, రెటీనాకు సంబంధం లేదు.

ఎవరైనా "ట్రయల్" అంటే సీటీఆర్ఐ నంబరు అడగండి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు 2009 నుంచి తప్పనిసరి, వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ప్రయోగంలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకున్నారంటే అక్కడి నుంచి లేచి రండి. శ్రీను గారూ, మీ "ఎంత అవుతుంది" ప్రశ్నకు జవాబు ఇదే. ఆప్టోజెనెటిక్స్ ఇంకా ఆసుపత్రిలో కొనుక్కునే చికిత్స కాదు. అమ్మకంలో లేనిదానికి ఎవరు రేటు చెప్పినా నమ్మొద్దు. ఎకరం జోలికి పోకండి.

చీకటిరాయుడు
ఆశాకిరణం గారికి ఒకే ప్రశ్న. గ్యారంటీ అంటే చూపు రాకపోతే డబ్బు తిరిగిస్తారా, కన్ను తిరిగిస్తారా?

మంచిర్యాల_పద్మ
నేను చాలా రోజుల నుంచి చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. మా ఆయన సింగరేణిలో. మాది మేనరికం, మా అత్తమ్మ నాకు సొంత మేనత్త. ఇద్దరు పిల్లలు, బాబు 14, పాప 9. బాబుకు పొద్దుగూకితే కనిపించదు. బతుకమ్మ నాడు గుంపులో తప్పిపోయి ఏడ్చాడు, అప్పుడు చూపిస్తే ఆర్పీ అన్నారు. కంటి వెలుగు శిబిరంలో అద్దాలు ఇచ్చారు గానీ ఇది చెప్పలేదు. పాపకు ఇంకా ఏమీ లేదు, కాని టీచర్ "పిలిస్తే పలకదు" అంటుంది. ఇంట్లో అందరూ నన్నే అంటారు, "నీ రక్తంలోనే ఉంది" అని. ఈ ఇంజెక్షన్ పిల్లలకు ఇస్తారా డాక్టర్ గారూ?

జగిత్యాల_రెటీనా
పద్మ గారూ, ముందు పాప సంగతి. పిలిస్తే పలకదు అన్నారు కదా, వినికిడి పరీక్ష చేయించారా? ఆర్పీతోపాటు వినికిడి తగ్గే జబ్బు ఒకటి ఉంది, అషర్ సిండ్రోమ్ అంటారు. బాబుకు కూడా చేయించండి. పుట్టినప్పుడు ఇద్దరిలో ఎవరికైనా ఆరో వేలు ఉందా, బరువు విపరీతంగా పెరుగుతున్నారా, అది కూడా చెప్పండి. ఆర్పీ కొన్నిసార్లు ఒంటరిగా రాదు. అద్దాల శిబిరం దృష్టి లోపాలకు, శుక్లాలకు పెట్టినది. ఆర్పీ తెలియాలంటే చుక్కలు వేసి కంటి పాప పెద్దది చేసి రెటీనా చూడాలి.

మంచిర్యాల_పద్మ
ఆరు వేళ్లు లేవు సార్. బరువు మామూలే. వినికిడి సంగతి ఎవరూ అడగలేదు.

బయాలజీ_మేడం
పద్మా, "నీ రక్తంలోనే" అన్నవాళ్లకు ఇది చూపించు. మేనరికాల్లో ఎక్కువగా బయటపడే రకం ఆర్పీ రావాలంటే చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలవాలి. ఒక్కటే ఉన్నవాళ్లకు ఏ లక్షణమూ ఉండదు. ఇద్దరూ అలాంటివాళ్లే అయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అంటే మీ పిల్లలకు వచ్చింది ఈ రకమైతే మీ ఆయన వైపు నుంచి కూడా అంతే వచ్చింది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య జన్యువులు సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామకే పిల్లనిస్తే నాలుగో వంతు. తాత దగ్గరున్న ఒక్క లోపం రెండు దారుల్లో వచ్చి ఒకే బిడ్డలో కలిసే వీలు అక్కడ ఎక్కువ.

నర్సంపేట_కాక
మా అమ్మ, నాయనలది కూడా మేనరికమే. ఏడుగురం, అందరికీ చూపు బాగనే ఉంది. మేనరికాన్ని ఊరికే ఆడిపోసుకోవద్దు.

బయాలజీ_మేడం
బాగున్నందుకు సంతోషమే కాకా. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో వస్తుందని ఎవరూ అనలేదు. ఆ లోపం ఉన్న ఇంట్లో మేనరికం చేస్తే బయటపడే అవకాశం పెరుగుతుంది, అంతవరకే. కానీ ఇంట్లో ఒకరికి ఆర్పీ ఉందని తెలిశాక కూడా అదే వంశంలో మళ్లీ సంబంధం కలుపుతామంటే మాత్రం నేను గట్టిగానే చెబుతాను. మా కాలేజీలో ఇలాంటి రెండు కుటుంబాలను చూశాను.

జగిత్యాల_రెటీనా
ఒక్క సవరణ. తల్లి నుంచి కొడుకులకు వచ్చే ఆర్పీ రకం కూడా ఉంది, ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా. అది కూడా నేరం కాదు, జీవశాస్త్రం. ఏ రకమో ఊహించకుండా జన్యు పరీక్ష చేయించాలి. ఆర్పీకి కారణమయ్యే జన్యువులు ఇప్పటికి 80కి పైగా తెలుసు.

పద్మ గారి ప్రశ్నకు వస్తే, పిల్లలకు ఇప్పుడు ఆప్టోజెనెటిక్స్ ఆలోచన వద్దు. బాబు రాడ్లు తగ్గుతున్నా కోన్లు పని చేస్తున్నాయి. నాచు ప్రొటీన్ ఇచ్చేదానికంటే ఆ కోన్లు ఇచ్చే చూపు ఎన్నో రెట్లు మేలు. దాన్ని కాపాడుకోవడమే ముఖ్యం. పరీక్షలు జరిగింది చూపు దాదాపు పూర్తిగా పోయినవాళ్ల మీద.

జన్యు పరీక్ష ఎందుకంటే, ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉంటే దానికి అసలైన జన్యు చికిత్స ఉంది. లక్స్‌టర్నా అంటారు. 2017 డిసెంబర్‌లో అమెరికా అనుమతి వచ్చింది. చెడిన జన్యువు స్థానంలో పనిచేసే ప్రతిని పెట్టడం అది. కాని రెండు షరతులు. కచ్చితంగా ఆ జన్యువే కావాలి, కణాలు ఇంకా బతికి ఉండాలి. అందుకే ఆలస్యం పనికిరాదు. ధర గుండె గుభేల్మనిపిస్తుంది, కంటికి 4,25,000 డాలర్లు. రెండు కళ్లకు మన లెక్కలో ఏడు కోట్లు దాటుతుంది.

ఆప్టోజెనెటిక్స్‌లో నాకు నచ్చేది ఇక్కడే. ఏ జన్యువు చెడిందన్న దానితో దానికి పని లేదు. పరీక్ష చేయించినా జన్యువు దొరకనివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకూ పనికొస్తుంది.

ఓరుగల్లు_పోరడు
సార్, పుట్టుకతోనే చూపు లేనివాళ్లకు పెద్దయ్యాక ఇది ఇస్తే? మెదడుకు చూడటమే రాదు కదా?

బయాలజీ_మేడం
ఎంఐటీ ప్రొఫెసర్ పవన్ సిన్హా మన దేశంలో ప్రాజెక్ట్ ప్రకాశ్ నడుపుతున్నారు. పుట్టుకతో శుక్లాలున్న పిల్లలకు ఆలస్యంగా ఆపరేషన్ చేయించి గమనిస్తారు. కట్టు విప్పగానే ఆ పిల్లలు, అంతకు ముందు చేత్తో తడిమిన వస్తువును కంటితో చూసి గుర్తుపట్టలేకపోయారు. 2011లో ప్రచురించారు. కొన్ని రోజుల్లోనే నేర్చుకోవడం మొదలైంది. పూర్తి చూపు కాకున్నా పనికొచ్చే చూపు వచ్చింది. కాబట్టి మెదడు తలుపు పూర్తిగా మూసుకోదు. కానీ ఫ్రాన్స్ మనిషి ఒకప్పుడు చూసినవాడు. ఆయనకు గ్లాసు ఎలా ఉంటుందో తెలుసు. అది పెద్ద తేడా.

ఓరుగల్లు_పోరడు
ఇంకొక భయం. ఆర్గస్ 2 అని రెటీనా మీద అమర్చే చిప్ ఉండేది, 60 ఎలక్ట్రోడ్లది. అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. తయారుచేసిన సెకండ్ సైట్ కంపెనీ 2019లో దాన్ని ఆపేసింది. అప్పటికే పెట్టించుకున్నవాళ్లకు రిపేరు చేసే దిక్కు లేకుండా పోయింది. గాగుల్స్ మీద ఆధారపడే ఏ చికిత్సకైనా ఇదే ప్రమాదం. కంపెనీ మూతపడితే కంట్లో ప్రొటీన్ ఉంటుంది, గాగుల్స్‌కు సాఫ్ట్‌వేర్ ఉండదు.

జగిత్యాల_రెటీనా
ఈ మాట డాక్టర్లం చెప్పాల్సింది, ఇంజినీరు చెప్పాడు. ట్రయల్‌లో చేరేముందు ఇచ్చే సమ్మతి పత్రంలో "కంపెనీ ఆపేస్తే నా పరికరం సంగతేంటి" అని రాతపూర్వకంగా అడగాలి.

చీకటిరాయుడు
శ్రీను అన్నా, రాబోయే చికిత్స కోసం ఎదురుచూస్తూ ఇప్పుడు దొరికేవి వదులుకోవద్దు. తమ్ముడికి వైకల్య (సదరం) సర్టిఫికెట్ ఉందా? చాలామంది ఆర్పీవాళ్లు చార్టు మీద అక్షరాలు చదివేస్తారు, దాంతో "నీకు చూపు బాగానే ఉంది" అని పంపేస్తారు. చట్టంలో ఫీల్డు లెక్క కూడా ఉంది. సరిచేసిన చూపు 3/60 కంటే తక్కువైనా, చూపు వెడల్పు 10 డిగ్రీల కంటే తక్కువైనా అంధత్వమే, 2016 చట్టం ప్రకారం. ఫీల్డు టెస్టు రిపోర్టు చేతిలో పెట్టుకుని పొమ్మను. సర్టిఫికెట్ ఉంటేనే పెన్షన్, ఉద్యోగాల కోటా.

తెల్ల కర్రతో నడవడం కూడా నేర్పించండి. ఎడమ కంటిలో మిగిలింది కాస్తే అంటున్నారు కాబట్టి ఇప్పుడే. నేను మొదట్లో కర్ర పట్టడానికి సిగ్గుపడ్డాను, మా ఆవిడ ఊరుకోలేదు.

కాజీపేట_శ్రీను
సర్టిఫికెట్ లేదు అన్నా. ఒకసారి పోతే అక్షరాలు చదివాడని తిప్పి పంపారు, అచ్చం మీరు చెప్పినట్టే. ఫీల్డు టెస్టు అన్న మాటే ఎవరూ చెప్పలేదు.

డాక్టర్ గారూ, తమ్ముడికి ఇంకేం పరీక్షలు చేయించాలి? వరంగల్‌లోనే అవుతాయా, హైదరాబాద్ రావాలా?

జగిత్యాల_రెటీనా
ముందు వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో చూపించండి. అక్కడ కానివాటికి హైదరాబాద్‌లో సరోజినీదేవి ఉంది, ఎల్వీ ప్రసాద్ ఉంది. ఎల్వీ ప్రసాద్‌లో డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా కూడా చూస్తారు, లో విజన్ విభాగం కూడా ఉంది. జన్యు సలహాకు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

ఎడమ కంటికి ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను చూపేది) తప్పకుండా తీయించండి. ఆర్పీ ఉన్నవాళ్లలో మాక్యులాలో నీరు చేరడం మామూలే. దానికి చుక్కల మందు, మాత్రలు ఉన్నాయి. ఆర్పీలో శుక్లం కూడా తొందరగా, లెన్సు వెనక భాగంలో వస్తుంది. అది తీసేస్తే కొందరికి మధ్య చూపు తేటపడుతుంది. "ఆర్పీకి మందు లేదు" అని ఒకసారి విన్నాక చాలామంది ఏళ్ల తరబడి కంటి డాక్టర్ ముఖం చూడరు. ఇలాంటివి అందుకే మిస్సవుతాయి. కుడి కంటికి కూడా ఓసీటీ తీసి రిపోర్టు దాచండి. రేపు ఎక్కడైనా ట్రయల్ మొదలైతే లోపలి పొరలు మిగిలాయా అని మొదట చూసేది అందులోనే.

కాజీపేట_శ్రీను
రాయుడన్న రాసిన గ్లాసుల లెక్క, నోట్‌బుక్ లెక్క అమ్మకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంతేనా" అంది. ఎకరం మాట మళ్లీ ఎత్తలేదు. తమ్ముడు మాత్రం ఫీల్డు టెస్టుకు వస్తానన్నాడు, సర్టిఫికెట్ కోసమని. ఓసీటీ కూడా అప్పుడే చేయిస్తాం.

మంచిర్యాల_పద్మ
డాక్టర్ గారూ, పిల్లలిద్దరికీ వినికిడి పరీక్ష అయింది. బాబుకు రెండు చెవుల్లో సన్నని శబ్దాలు తక్కువ వినిపిస్తున్నాయట. పాపకు కూడా అంతే. పాప కళ్లు మాత్రం ఇప్పటికి బాగున్నాయన్నారు. మా అత్తమ్మ పక్కనే కూర్చుని అంతా విన్నది. మేడం రాసింది మా ఆయనే ఆమెకు చదివి చెప్పాడు.

జగిత్యాల_రెటీనా
పద్మ గారూ, పరీక్ష వెంటనే చేయించి మంచి పని చేశారు. ఇప్పుడు జన్యు పరీక్షకు రాసేటప్పుడు ఆర్పీ ఒక్కటే కాకుండా అషర్ జన్యువులు కూడా ఉండేలా అడగండి. అమ్మానాన్నల రక్తం కూడా ఇస్తే ఫలితం తేల్చడం సులువు. పాపకు ఈఆర్‌జీ అనే పరీక్ష కూడా అడగండి. రెటీనాలో తేడా ఉంటే, పైకి కళ్లు బాగున్నట్టు కనిపించే దశలోనే అది చెబుతుంది.

హియరింగ్ ఎయిడ్స్ మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ఇప్పుడే పెట్టించండి, ఇద్దరికీ. చూపు తగ్గే పిల్లలకు చెవులే పెద్ద ఆసరా. బాబును క్లాసులో ముందు బెంచీలో, కిటికీ వెలుతురు బోర్డు మీద పడేలా కూర్చోబెట్టమని టీచర్‌కు రాసివ్వండి. చీకటి పడ్డాక సైకిల్ వద్దు.

మంచిర్యాల_పద్మ
సరే సార్. స్కూలుకు రేపే పోతాను. మిషన్ల కోసం అపాయింట్‌మెంట్ వచ్చే వారం దొరికింది.